నీళ్ళ దగ్గర నిలబడు

టూవూంబా,
14 జూన్ 1992.

అన్నయ్యకు,

మరియరాణి వందనాలు. ఇక్కడ స్టీవ్, అనీషా, నేను బాగున్నాం. ఈ దేశపు జూన్ చలి మాత్రం ఎముకలు కొరుకుతోంది. వదినకి ఆ మోకాలినొప్పి తగ్గిందా?

ఇంతోటి దానికి ఉత్తరమెందుకు, ఫోన్ చేయొచ్చుగా అంటావు. ఫోన్‌లో నువ్వు "ఊఁ, సరే, ఇంకేంటి" అనే మూడు మాటలతో సరిపెడతావు. ఇది వాటితో తేలే సంగతి కాదు. కూర్చుని చదువు.

నిన్న సామాన్ల కోసం కొండ దిగి, సిటీ పక్కనున్న సన్నీబ్యాంక్ వెళ్ళాం. అక్కడ ద్వారకానాథ్ అని ఫిజీ నుంచి వచ్చినాయన షాపు ఉంది. బియ్యం, పప్పులు ఒక పక్క, వీడియో కేసెట్లు ఒక పక్క. నేను ఆవకాయ సీసా మూత సరిగా ఉందో లేదో చూస్తున్నాను. కౌంటరు దగ్గర పొడుగాటి ఆఫ్రికా ఆవిడ, తలకి స్కార్ఫు కట్టుకుని, ఆయనకి ఏదో సినిమా కథ చెబుతోంది. పేరు తెలియదట, కథ చెబితే కేసెట్ తీసిస్తారేమోనని.

"ఇద్దరు అక్కచెల్లెళ్ళు. వరదొస్తుంది. చెల్లెలు తప్పిపోతుంది. పసుపు చీర ఒక్కటే నీళ్ళలో కొట్టుకుపోతుంటే అందరూ పిల్ల పోయిందనుకుంటారు. కానీ పిల్ల చెట్టెక్కి కూర్చుంది. తప్పిపోతే నీళ్ళ దగ్గర నిలబడు, నేనే వస్తానని అక్క ముందే చెప్పి ఉంటుంది. అందుకే దొరుకుతుంది" అంటోంది, ఇంగ్లీషులో.

సీసా నా చేతిలోనే ఉండిపోయింది. ఆ చెట్టు నేను పెట్టిందే అన్నయ్యా. ఆ సినిమాలో చెట్టే లేదు!

గుర్తులేదంటే ఊరుకోను. నాన్న లెక్కల మాస్టారుగా మొగదిషులో చేసిన నాలుగేళ్ళు. సముద్రం పక్కన, పైకప్పు లేని ఆ సినిమా హాలు. సాయంత్రమయితే ఊళ్ళో పిల్లలంతా అక్కడే. ఇండియా పిల్లకి ఇండియా సినిమా భాష రాదంటే ఎవరు నమ్ముతారు? నూజివీడు నుంచి వచ్చినదాన్ని, నాకు హిందీ ఎక్కడిది? మొదటిరోజు "ఏమంటోంది, ఏమంటోంది" అని పక్కపిల్ల గిల్లితే, తెలీదని చెప్పడానికి సిగ్గేసి నోటికొచ్చింది చెప్పాను. వీధిలో ఆడీ ఆడీ సోమాలీ అప్పటికే గడగడా వచ్చేసింది కదా. రెండోవారానికి నా చుట్టూ పాతికమంది. తెర మీద హీరోయిన్ నోరు తెరిస్తే కింద నేను నోరు తెరిచేదాన్ని.

ద్వారకానాథ్ గారు తల గోక్కుని, అలాంటి కథ తాను వినలేదన్నారు. ఆవిడ నా వైపు తిరిగింది. "మీరు ఇండియా వాళ్ళు కదా, మీకు తెలుసా?" అంది. తెలియదన్నాను.

పేరు హోదన్. సోమాలియాలో యుద్ధం నుంచి తప్పించుకుని, కెన్యా క్యాంపులో ఉండి, మూడు నెలల కిందట ఇక్కడికొచ్చింది. ఈ దేశంలో ఆవిడకి ఎవరూ లేరు. "మా పేటలో ఇండియా టీచరు కూతురు ఉండేది. కథంతా మా భాషలో చెప్పేది. ఆ అమ్మాయి దగ్గర చోటు దొరకాలంటే ఎండ తగ్గకముందే వెళ్ళి కూర్చోవాలి. నేను ఆఖరి వరస. నా చెల్లెలు ఇదిల్ నా ఒళ్ళో" అంది.

నేనే ఆ పిల్లనని చెప్పాల్సింది. చెప్పకుండా, "బాగా చెప్పేదా?" అని అడిగాను, సిగ్గులేకుండా. "అలా ఇంకెవరూ చెప్పలేదు" అంది. నా ఫోన్ నంబరు రాయించుకుంది.

నువ్వుండే పారమట్టా చుట్టూ ఇండియా షాపులు చాలా ఉన్నాయిగా. ఆ కేసెట్ వెతికిపెట్టు. పేరు నాకూ తెలియదు. పసుపు చీర, బావి, వరద. అంతే.

నీ చెల్లెలు
మరియరాణి


పారమట్టా,
5 జూలై 1992.

చిరంజీవి మరియరాణికి,

అన్నయ్య దీవెనలు. నీ ఉత్తరం ఆఫీసుకి పట్టుకెళ్ళి లంచ్‌లో చదివాను. పక్క సీటు కృష్ణమూర్తి నా ముఖం చూసి "ఏంటండీ విలియం గారూ, ఇంటి దగ్గర్నుంచి బ్యాడ్ న్యూసా?" అన్నాడు. మా చెల్లెలికి వయసు ముప్ఫై ఒకటి, బుద్ధి పది దగ్గర ఆగిందని చెప్పాను.

ఆ ఊరు నాకేం గుర్తులేదు. గుర్తుపెట్టుకోవడానికేముంది? ఉప్పునీళ్ళు, ఎండ, నాన్న చొక్కా నిండా సుద్దపొడి. ఆ హాల్లో తెరకి ఎడమ మూల చిరుగుండేది. హీరో అక్కడికి నడిస్తే బుగ్గ మీద గాటు పడేది, అక్కడి కుర్రాళ్ళు ఈలలు వేసేవాళ్ళు. బయట బండి మీద ముసలాయన బొబ్బర్ల బజ్జీలు వేసేవాడు. మన బజ్జీని వాళ్ళూ ఇంచుమించు అదే పేరుతో పిలుస్తుంటే అమ్మ ఎంత మురిసిపోయిందో. అంతకుమించి ఏమీ లేదు.

షాపులు మూడు తిరిగాను. దొరకలేదు. ఇరవై ఏళ్ళనాటి సినిమా, పైగా పేరు తెలియదు. నాగపూర్‌లో మూడేళ్ళు ఉద్యోగం చేసినవాణ్ణి, హిందీలోనే అడిగాను. పసుపు చీర, బావి అంటే షాపువాడు నన్ను ఎగాదిగా చూశాడు. ఇంక ఈ గొడవ వదిలెయ్.

నా మాట విని ఆవిడకి నిజం చెప్పేసేయ్. ఆ పిల్లని నేనే, అదంతా కోతలే అను. ఇద్దరూ కాసేపు నవ్వుకుంటారు, అయిపోతుంది. పదేళ్ళ పిల్ల కోసిన కోతలు ఎవరు పట్టించుకుంటారు?

అనీషాకి ముద్దులు. స్టీవ్‌ని అడిగానని చెప్పు.

అన్నయ్య
విలియం


టూవూంబా,
23 ఆగస్టు 1992.

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి ఒళ్ళు మండింది. కోతలా? ఎవరు పట్టించుకుంటారా? పట్టించుకున్నవాళ్ళ సంగతి చెబుతా విను.

నిన్న హాస్పిటల్‌లో డ్యూటీ లేదు. హోదన్ ఫ్లాట్‌కి వెళ్ళాను. ఒక మంచం, రెండు కుర్చీలు, కిటికీలో కొత్తిమీర కుండీ. ఏలకులు దట్టించిన టీ ఇచ్చింది. ఆ వాసనకి మన వీధి మొత్తం కళ్ళముందుకొచ్చింది. ఆవిడతో ఇంగ్లీషులోనే మాట్లాడుతున్నాను. సోమాలీ ఒక్క ముక్క బయటపెట్టినా దొరికిపోతాను కదా. వంటింట్లో ఆవిడ తనలో తాను అనుకునే మాటలు నాకు తెలుస్తూనే ఉంటాయి. "పంచదార తక్కువైందేమో, ఈ పిల్ల మొహమాటస్తురాలు, అడగదు" అనుకుంటోంది. దొంగదానిలా కూర్చుని విన్నాను.

పెద్దయ్యాక కూడా అక్కచెల్లెళ్ళిద్దరూ ఆ సినిమాని మర్చిపోలేదట. నిరుడు జనవరిలో మొగదిషులో కాల్పులు ముదిరాక, ఊరు వదిలే ముందు, హోదన్ చెల్లెలితో "దారిలో విడిపోతే ఫిల్మ్‌లోలాగే. ఆఫ్గోయ్‌లో నది పక్క నీళ్ళ పంపు దగ్గర నిలబడు, నేనే వస్తా" అందట. పంపు, నది, అన్నీ ఉన్నాయి, చీరే తక్కువని ఇద్దరూ నవ్వుకున్నారట. రెండు లారీలు. ఇదిల్ ఒకదాంట్లో, ఈవిడ ఇంకోదాంట్లో. చెక్‌పోస్టు దగ్గర విడిపోయాయి.

హోదన్ ఆ పంపు దగ్గర మూడు రోజులు నిలబడింది. నాలుగోరోజు లారీ ఇంక ఆగదంటే ఎక్కింది. తర్వాత ఆ ఊళ్ళోకీ కాల్పులొచ్చాయని, నది పక్కనున్నవాళ్ళు చాలామంది పోయారని క్యాంపులో విన్నదట. చెల్లెలి కబురు ఈరోజుకీ లేదు.

"మాట తప్పే పిల్ల కాదు. కాస్త ఆలస్యంగా వచ్చి ఉంటుంది. నీళ్ళ దగ్గరే ఉంటుంది" అంటోంది. రెడ్ క్రాస్ వాళ్ళ ఫారంలో, ఎక్కడ ఉండవచ్చు అన్న గడిలో, ఏ క్యాంపయినా సరే కుళాయి దగ్గర అడగండి అని రాసింది.

అన్నయ్యా, ఆ మాట నాది. సినిమాది కాదు, నాది. నేను గొప్పలకి పోయి చెప్పిన మాట మీద ఆ పిల్ల ఐదోరోజు వచ్చి, అక్క వస్తుందని అక్కడే నిలబడిపోయి ఉంటే? ఇది కూడా చెప్పి కాసేపు నవ్వుకోమంటావా?

ద్వారకానాథ్ గారు ఆ సినిమా కోసం ఫిజీలో వాళ్ళన్నకి కూడా రాశారట. ఆయనకి హిందీ బాగా వచ్చు. కేసెట్ దొరికితే ఆవిడ పక్కన కూర్చుని అసలు కథ చెప్పేస్తారు. అలా జరిగితే ఆవిడకి ఏమవుతుందో నాకు తెలియదు.

మరియ


పారమట్టా,
13 సెప్టెంబరు 1992.

రాణీ,

నీ ఉత్తరం వచ్చి రెండు వారాలైంది. మూడుసార్లు మొదలుపెట్టి చింపాను.

జాక్లిన్ పేరు మనిద్దరి మధ్యా వచ్చి ఎన్నేళ్ళయింది? నేనే అడ్డుపడుతూ వచ్చాను. నువ్వు ఎత్తబోతే మాట మార్చేవాణ్ణి. ఇవాళ నేనే ఎత్తుతున్నాను.

అరవైతొమ్మిదిలో గుణదల మాత పండగ గుర్తుందా? నీకు ఎనిమిదేళ్ళు, జాక్లిన్‌కి నాలుగు. కొండెక్కే ముందు అమ్మ మన ముగ్గుర్నీ వరసగా నిలబెట్టి చెప్పింది. "జనంలో తప్పిపోతే నన్ను వెతుక్కుంటూ తిరక్కండి. కుళాయి దగ్గర నిలబడండి, నేనే వస్తా." అనుకున్నట్టే జాక్లిన్ తప్పిపోయింది. నాన్న మైకులో చెప్పించడానికి పరిగెత్తాడు. అమ్మ తిన్నగా కుళాయి దగ్గరికి వెళ్ళింది. అక్కడుంది మన జాక్లిన్, గౌను నిండా నీళ్ళు, చేతిలో ఎవరో ఇచ్చిన చెరుకుముక్క. అమ్మని చూసి "ఇంతసేపా?" అని కసిరింది.

ఆ ఏడు వానల్లోనే జ్వరమొచ్చి పోయింది. ఆ ఇంట్లో ఉండలేకే నాన్న మొగదిషు ఉద్యోగానికి ఒప్పుకున్నాడు. జీతం కోసమని అందరికీ చెప్పాడు.

ఆ సినిమా చూసిన రోజు నేను మగపిల్లలతో వెనక గోడ మీద కూర్చున్నాను. పసుపు చీర నీళ్ళలో తేలుతూ వచ్చింది. ఆ పిల్ల పోయిందని తెలుసుకోవడానికి ఏ భాషా అక్కర్లేదు. నువ్వు చెప్పడం ఆపేశావు. పిల్లలంతా ఏమైంది, ఏమైంది అంటున్నారు. తర్వాత గొంతు పెంచి ఆ పిల్లని చెట్టెక్కించావు. తెర మీద అక్క గుండెలు బాదుకుంటుంటే, సంతోషం పట్టలేక ఏడుస్తోందని చెప్పావు. తప్పిపోతే నీళ్ళ దగ్గర నిలబడమని చెప్పింది కాబట్టి దొరికిందని చెప్పావు.

అబద్ధం అని నేను అక్కణ్ణుంచే అరిచి ఉండొచ్చు. అరవలేదు. నాకూ ఆ పిల్ల చెట్టు మీద ఉంటేనే బాగుండుననిపించింది.

కాబట్టి ఆ మాట నీది కాదు, అమ్మది. గొప్పలకి పోయి చెప్పానని ఇంకోసారి రాయకు.

ఒక్క సంగతి. ఆ కేసెట్ కోసం ఇంక ఎవరూ వెతకొద్దు. ద్వారకానాథ్ గారికి నువ్వే ఏదో ఒకటి చెప్పి ఆపు.

అన్నయ్య


టూవూంబా,
20 డిసెంబరు 1992.

అన్నయ్యా,

నీకూ వదినకీ క్రిస్మస్ శుభాకాంక్షలు. కేక్ పోస్టులో పంపాను. పొడిపొడి అయితే పాలల్లో వేసుకుని తినండి.

నీ ఉత్తరం నా బైబిల్లో పెట్టుకున్నాను. "ఇంతసేపా?" అన్న దగ్గర ప్రతిసారీ ఏడుపొస్తుంది, అయినా చదువుతాను.

హోదన్‌కి ఇంకా కబురేమీ లేదు. ప్రతి మంగళవారం రెడ్ క్రాస్ ఆఫీసుకి వెళ్తుంది. వాళ్ళు మర్యాదగానే లేదంటారు. తిరిగొచ్చి నాకు ఫోన్ చేస్తుంది. కాసేపటికి ఆ సినిమాలోని పాట కూనిరాగం తీస్తుంది. మాటలు రావు, రాగం ఒక్కటే. నాకూ రాగమే వచ్చు. కలిపి పాడాలని నోటిదాకా వస్తుంది, మింగేస్తాను. నా చిన్నతనం తెలిసిన మనిషి ఈ దేశంలో నువ్వు కాక ఆవిడ ఒక్కతే. ఆవిడ ముందే నేనెవరో దాచుకుని కూర్చుంటున్నాను. ఒక మనిషికి ఇంత దగ్గరగా ఉండి ఇంత దూరంగా నేనెప్పుడూ లేను.

మొన్న మాతోపాటు పార్కుకి వచ్చింది. వెళ్ళగానే నీళ్ళు తాగే కుళాయి ఎక్కడుందో చూసింది. ఎక్కడికెళ్ళినా ముందు అదే చూస్తుంది. స్టీవ్ చికెన్ కాలుస్తున్నాడు. అనీషా పరిగెత్తుకుంటూ వచ్చి, "మమ్, హోదన్ ఆంటీ చెప్పింది. ఇఫ్ ఐ గెట్ లాస్ట్, ఐ షుడ్ స్టాండ్ బై ద వాటర్. యూ విల్ కమ్, రైట్?" అంది.

అమ్మ మాట తిరిగి తిరిగి నా కూతురి దగ్గరికొచ్చింది, చూశావా. "వస్తాను నాన్నా" అన్నాను. ఇంకేమనను?

కేసెట్ గురించి ద్వారకానాథ్ గారికి నేనేమీ చెప్పలేకపోయాను. ఏ వంక చెప్పినా నా ముఖమే పట్టిస్తుంది. అయినా నీకెందుకు అంత భయం? నువ్వు ఏదో దాస్తున్నావు. చిన్నప్పుడు అమ్మ పర్సులోంచి సినిమాకి డబ్బులు తీసినప్పుడు కూడా ఇలాగే కబుర్లు తగ్గించేసేవాడివి.

నీ చెల్లెలు
మరియ


పారమట్టా,
11 ఫిబ్రవరి 1993.

రాణీ,

ఇవాళ గుణదలలో పండగ. వదిన పొద్దున్నే కొవ్వొత్తి వెలిగించింది. ఈరోజయినా నిజం చెప్పాలి.

కేసెట్ నా దగ్గరే ఉంది. మొదటి షాపులోనే దొరికింది, పోయిన జూన్‌లో. పసుపు చీర అనగానే షాపువాడు తీసి చేతిలో పెట్టాడు. వదిన ప్రేయర్ మీటింగ్‌కి వెళ్ళిన సాయంత్రం ఒక్కణ్ణే కూర్చుని చూశాను. మర్నాడే నీకు దొరకలేదని రాశాను.

హిందీ వచ్చినవాణ్ణి, మొదటినుంచీ చివరిదాకా విన్నాను. నువ్వు చెప్పిన దానికీ దీనికీ ఎక్కడా పొంతన లేదు. నువ్వు ప్రేమిస్తున్నాడని చెప్పిన వాడు వాళ్ళ బాకీ వసూలుకొచ్చిన గుమాస్తా. ఒంటరిగా కూర్చుని పగలబడి నవ్వాను. తర్వాత చివర వచ్చింది. అక్క నీళ్ళ దగ్గర నిలబడమని చెప్పదు. చెల్లెలే అక్క వస్తుందని బావి దగ్గర కాచుకుని కూర్చుంటుంది. వరద వస్తుంది. అందరూ లేచి పరిగెత్తినా ఆ పిల్ల కదలదు. అలాగే పోతుంది.

హోదన్ గారు దీన్ని చూడకూడదనుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం, ఆ పసుపు చీర వచ్చిన చోట నేను టీవీ ముందు చిన్నపిల్లాడిలా ఏడ్చాను. అది నీకు రాయలేకపోయాను. మొగదిషు గుర్తులేదని రాశాను కదా. ఇరవై ఏళ్ళుగా ఒక్క హిందీ సినిమా చూడకపోవడానికి కారణం అదే. ఆ తెర మీద చిరుగు కూడా నాకు కావాలనిపిస్తుంది. ఆ గోడ, ఆ ఈలలు, కింద ఎక్కడో నీ గొంతు.

ఇంక దాచడం నావల్ల కాదు. పార్సిల్‌లో పంపుతున్నాను. దాని అట్టపెట్టె చిరిగితే మళ్ళీ అతికించాను. ఆవిడకి చూపించాలో, గోతిలో పాతెయ్యాలో నీ ఇష్టం. కానీ నువ్వెవరో మాత్రం చెప్పు. ఆవిడకి నువ్వు బాకీ ఉన్నది అదొక్కటే.

నన్నడిగితే మాత్రం, నువ్వు చెప్పిన కథే బాగుంది.

అన్నయ్య


టూవూంబా,
18 ఏప్రిల్ 1993.

అన్నయ్యా,

ఈస్టర్ తర్వాత శుక్రవారం హోదన్ ఫోన్ చేసింది. "రెడ్ క్రాస్ కాగితం వచ్చింది. ఒక్కదాన్ని చదవలేను, రా" అంది. నువ్వు పంపిన కేసెట్ ఫిబ్రవరి నుంచీ నా హ్యాండ్‌బ్యాగులోనే మోస్తున్నాను. రేపు చెబుతా, రేపు చెబుతా అని రెండు నెలలు గడిపాను. కొండ దిగి ఎంత స్పీడులో వెళ్ళానో స్టీవ్‌కి చెప్పకు.

మంచం మీద పక్కపక్కనే కూర్చున్నాం. కాగితం సోమాలీలో ఉంది. ముందు తను పైకి చదువుకుని, తర్వాత నాకు ఇంగ్లీషులో చెబుతానంది. చదివింది. ఇదిగో, నాకు గుర్తున్నంత వరకు:

"అక్కా, నేను బతికే ఉన్నాను. మొంబాసా దగ్గర క్యాంపులో ఉన్నాను. కాలు కొంచెం నొప్పి, అంతే. మీ లారీ కంటే ముందే మాది ఆఫ్గోయ్ చేరింది. పంపు దగ్గర దిగుదామనుకున్నాను, దిగలేదు. నీకు ఎప్పుడూ చెప్పలేదు, పెద్దయ్యాక ఆ ఫిల్మ్ వీడియోలో మళ్ళీ చూశాను. బొంబాయిలో పనిచేసి వచ్చినాయన పక్కన కూర్చుని అసలు కథ చెప్పాడు. నీళ్ళ దగ్గర నిలబడిన చెల్లెలు చచ్చిపోతుంది అక్కా. ఆ ఇండియా టీచరు కూతురు మనకి అబద్ధం చెప్పింది. నీకు ఆ కథ ఇష్టమని నేను నోరు విప్పలేదు. ఆ రోజు పంపు చూడగానే అదే గుర్తొచ్చింది, దిగడానికి కాళ్ళు రాలేదు. నువ్వు నిలబడ్డావా అక్కా? ఎన్ని రోజులు నిలబడ్డావు? అది తెలియక నాకు నిద్ర పట్టడంలేదు."

చదవడం అయ్యేసరికి నేను వెక్కివెక్కి ఏడుస్తున్నాను. హోదన్ కాగితం మీంచి తలెత్తి నన్ను చూసింది.

"నేనింకా నీకు ఇంగ్లీషులో చెప్పలేదే" అంది.

అప్పుడు సోమాలీలో చెప్పాను. పంతొమ్మిదేళ్ళ తర్వాత నోట్లోంచి వచ్చింది పన్నెండేళ్ళ పిల్ల భాషే. ఆ అబద్ధం చెప్పింది నేను. నాకు హిందీ రాదు, అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు. గుణదల గురించి చెప్పాను, జాక్లిన్ గురించి చెప్పాను. మా అమ్మ చెప్పిన మాటని తీసుకెళ్ళి మీ సినిమాలో పెట్టానని చెప్పాను.

లేచి వంటింట్లోకి వెళ్ళింది. కుళాయి శబ్దం ఎంతకీ ఆగలేదు. ఇంక నన్ను పొమ్మంటుందనుకుని బ్యాగు తీసుకున్నాను. ముఖం కడుక్కుని, నాకు గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

"చెట్టు కూడా అబద్ధమేనా?" అంది.

"చెట్టు కూడా."

"నేను చూశాను ఆ చెట్టు. కొమ్మలు కూడా గుర్తున్నాయి నాకు."

తర్వాత చెప్పింది. "ఆ పంపు దగ్గర చుట్టూ అందరూ ఏడుస్తున్నారు. మూడు రోజులూ నేను ఒక్కసారి ఏడవలేదు. నాకు భయం లేదు. కథ ఎలా ముగుస్తుందో నాకు తెలుసు కదా. లారీ ఎక్కాకే భయం మొదలైంది." నా చెయ్యి పట్టుకుంది. "మా చెల్లెలికి అసలు కథ తెలిసి బతికింది. నాకు నీ కథ తెలిసి బతికాను. ఎవర్ని తిట్టమంటావు?"

కేసెట్ తీసి ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి టీవీ మీద పెట్టింది. ఇదిల్ వచ్చాక చూద్దామంది. ఆమెని రప్పించడానికి సోమవారమే అప్లికేషన్ పెడతాం, ఆ కాగితాల పని నీకు బాగా తెలుసు, సాయం చెయ్యాలి. ఇదిల్ వచ్చిన రోజు నువ్వూ రావాలట. అసలు కథ నువ్వు చెప్పాలట, నా కథ నేను చెప్పాలట, ఏది బాగుందో ఇదిల్ తేలుస్తుందట. ఆ పాట ఇద్దరం కలిసి రెండుసార్లు పాడాం. కింది ఫ్లాటువాళ్ళు కర్రతో కప్పు కొట్టారు.

తర్వాత జవాబు ఫారం తీసింది. నా చేతికిచ్చి నన్నే రాయమంది. వాళ్ళ భాషకి లిపి వచ్చిన ఏడాదే మనం బడిలో నేర్చుకున్నాం కదా, తప్పులతడకగా రాస్తుంటే పక్కనుంచి దిద్దింది. క్షేమమని రాశాను. ఈ ఊరి పేరు రాశాను. చెల్లెలు అడిగినదాని దగ్గరికొచ్చి ఆగాను.

"మూడు రోజులు అని రాయనా?" అన్నాను.

"వద్దు. నేనూ నిలబడలేదని రాయి. నువ్వు ముందే వెళ్ళిపోయి ఉంటావనుకుని, నేనూ ఆగకుండా వచ్చేశానని రాయి."

కలం పట్టుకుని ఆవిడ ముఖంలోకి చూశాను.

"రాయి. నీకు అబద్ధం బాగా చెప్పడం వచ్చు" అంది.

రాశాను అన్నయ్యా. కింద ఆవిడ సంతకం పెట్టింది. చేతిరాత నాదే.

నీ చెల్లెలు
మరియరాణి